అయిదు నిమిషాల కథకు ముందు ఒక కప్పు, ఒక బంతి

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు. లెక్కల విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. ఒక పిల్లవాడికీ, ఒక కొంగకూ మధ్య జరిగే చిన్న కథ చాలాకాలంగా నా మనసులో ఉంది. దానిని అయిదు నిమిషాల త్రీడీ యానిమేషన్ చిత్రంగా తీయాలని కోరిక. మూడు నెలలుగా రోజూ రాత్రి ఒక గంట దీనికే కేటాయిస్తున్నాను. మూడు సాఫ్ట్‌వేర్లు దించుకుని చూశాను. పాఠాల వీడియోలు చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్లే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చుంటే మాత్రం చేయి ఆడదు. పిల్లవాడి తల మోడల్ చేయబోయి నాలుగుసార్లు మధ్యలో వదిలేశాను. నాకు బొమ్మలు గీయడం రాదు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి? 8 జీబీ ర్యామ్ ఉన్న నా ల్యాప్‌టాప్ సరిపోతుందా? మోడలింగ్ పూర్తిగా నేర్చుకున్న తరువాతనే యానిమేషన్‌లోకి దిగాలా?

సమాధానం: మీ ఉత్తరం చదివినప్పుడు సాఫ్ట్‌వేర్ గురించిన ప్రశ్నకన్నా, తల మోడల్ చేయబోయి నాలుగుసార్లు వదిలేశానన్న వాక్యమే నన్ను ఎక్కువగా ఆపింది. ఈ విద్యలోకి వచ్చినవారు మొదట మనిషి ముఖం జోలికి వెళ్లడం నేల విడిచి సాము చేయడమే. మనం పుట్టినప్పటినుంచీ ముఖాలనే చూస్తూ పెరిగాం కనుక, కంటికీ ముక్కుకూ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా పడినా చూసేవారికి ఏదో తప్పుగా ఉందని వెంటనే తెలిసిపోతుంది, ఆ తప్పు ఎక్కడుందో మాత్రం చేసినవారికి తెలియదు. అందువల్ల మీరు వదిలేసింది మీ చేతకానితనంవల్ల అనుకోనవసరం లేదు. ఇక మీ చిత్రం లెక్క చూడండి. సెకనుకు 24 ఫ్రేములు చొప్పున అయిదు నిమిషాలకు 7,200 ఫ్రేములు అవుతాయి. ప్రతి ఫ్రేములోనూ పిల్లవాడు, కొంగ, నీరు, వెలుతురు అన్నీ సరిగా ఉండాలి. లెక్కల విభాగంలో పనిచేసేవారికి ఈ సంఖ్య గురించి నేను విడమరిచి చెప్పవలసిన పనిలేదు. కథను వదులుకోమనడం లేదు, కొన్ని నెలలు దాని ఊసెత్తకుండా ఉండమంటున్నాను.

సాఫ్ట్‌వేర్ విషయం తేల్చివేద్దాం. మీ పరిస్థితిలో ఉన్నవారికి నేను బ్లెండర్ ఒక్కటే చెబుతాను, మిగిలిన రెండింటినీ ఈ రాత్రే తీసివేయండి. అది ఉచితం అన్నది ఒక కారణమే అయినా, ఆకారాలు మలిచే మోడలింగ్, రంగులు అద్దడం, ఎముకలు అమర్చడం, కదలిక, వెలుతురు, దృశ్యాన్ని తుది చిత్రంగా గీయించే రెండర్, చివరికి ముక్కలను కలిపే ఎడిటింగ్ కూడా ఒకే కప్పు కింద ఉండడం ఒంటరిగా పనిచేసేవారికి అంతకంటే పెద్ద సౌకర్యం. నెదర్లాండ్స్‌లోని ఒక యానిమేషన్ స్టూడియో అవసరాల కోసం టాన్ రూజెండాల్ 1994లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము, దానిని అమ్మే కంపెనీ మూతపడినప్పుడు అటకెక్కవలసినదే. వాడుకదారులు 2002లో ఏడు వారాలలో లక్ష యూరోలు పోగుచేసి దానిని విడిపించుకున్నారు, అప్పటినుంచి దాని సోర్సు కోడ్ అందరిదీ అయింది. ఉచితం కనుక నాసిరకం అయి ఉంటుందన్న అనుమానం మీకుంటే ఒక్క మాట. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం 'ఫ్లో' బ్లెండర్‌లోనే తయారైంది.

పెద్ద స్టూడియోలలో 1998లో వచ్చిన మాయా అనే సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది. పొగ, నీరు, కూలిపోయే కట్టడాలవంటి వాటికి హూడినీ, మట్టిముద్దను మలచినట్లు శిల్పం చేయడానికి జీబ్రష్ పేరుపొందాయి. స్టూడియోలో ఉద్యోగం కావాలని రాసి ఉంటే మాయా గురించి ఇంకొంత చెప్పేవాడిని. మీరు సొంత చిత్రం తీయదలచారు. ఒకచోట గట్టిగా నేర్చుకున్న ఆకార జ్ఞానం, కాల జ్ఞానం మరొకచోటికి మీతోనే వస్తాయి, మారేవి మీటల స్థానాలూ మెనూల పేర్లూ మాత్రమే. పాఠాలు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌తో బ్లెండర్ తెర రూపమే మారిపోయింది, అంతకుముందటి పాఠాలలో చూపే బటన్లు మీ తెరమీద వెతికినా దొరకవు.

మీ ల్యాప్‌టాప్ మొదలుపెట్టడానికి సరిపోతుంది. బ్లెండర్ కోరే కనీస ర్యామ్ 8 జీబీ, సిఫారసు చేసేది 32 జీబీ. కప్పులకూ బంతులకూ కనీసం చాలు, తరువాత సంగతి తరువాత. అయితే టచ్‌ప్యాడ్‌తో ఈ పనికి పూనుకోకండి. చూపును తిప్పడం, జరపడం అన్నీ మౌస్ మధ్య చక్రాన్ని నొక్కి పట్టుకుని చేయవలసినవి కనుక, మూడు బటన్ల మామూలు మౌస్ ఒకటి తప్పనిసరి. మీ కీబోర్డుకు కుడివైపు అంకెల మీటలు లేకపోతే, ప్రిఫరెన్సెస్‌లోని ఇన్‌పుట్ విభాగంలో పైవరుస అంకెలనే వాటి బదులు వాడుకునే ఏర్పాటు ఉంది. ఎదుటినుంచి, పక్కనుంచి, పైనుంచి చూడడానికి 1, 3, 7 అంకెలు రోజూ వందసార్లు నొక్కవలసి వస్తుంది.

పాఠం చూస్తుంటే అర్థమై, తరువాత చేయి ఆడకపోవడానికి కారణం ఉంది. వీడియోలో నేర్పేవారు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. తరువాత ఏం చేయాలన్న నిర్ణయం ప్రతిసారీ వారే తీసుకుంటారు, మీరు వారి వెంట మీటలు నొక్కుతారు. నిర్ణయించే అలవాటే ఈ విద్యలో అసలు సరుకు. పది నిమిషాల పాఠం ఒకసారి చూసి, మూసివేసి, జ్ఞాపకం ఉన్నంతమేరకు సొంతంగా చేయండి. ఆగిపోయినచోట మాత్రమే మళ్లీ తెరిచి ఆ అరనిమిషం చూడండి. మరుసటి రోజు అదే వస్తువును కొలతలు మార్చి మొదటినుంచి చేయండి. విసుగ్గానే ఉంటుంది, కాని మూడో రోజున వేళ్లు వాటంతట అవే కదులుతాయి.

మొదటి వస్తువుగా మీ బల్లమీద ఉన్న పిడిగల కప్పును తీసుకోండి. ఇందులో ఒక చిన్న సంప్రదాయం కూడా ఉంది. యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ 1975లో తన ఇంటి టీ కెటిల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించగా, అది ఆ తరువాత ఈ రంగంలో అందరూ తమ వెలుతురు లెక్కలు పరీక్షించుకునే వస్తువైపోయింది. గుండ్రం, బోలు, పిడి, అంచు అన్నీ ఒకేచోట ఉండడమే దానికి అంత గిరాకీ తెచ్చింది. మీ కప్పులోనూ అవే ఉన్నాయి. చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి, స్కేలుతో ఎత్తూ వెడల్పూ కొలిచి రాసుకోండి.

బ్లెండర్‌లో సిలిండర్‌ను తెచ్చుకున్న వెంటనే, మరే పనీ చేయకముందే, తెర ఎడమవైపు అడుగున కనిపించే చిన్న పెట్టెలో దాని మూలల సంఖ్యను 32 నుంచి 16కు తగ్గించండి. మరో పని మొదలుపెడితే ఆ పెట్టె మాయమవుతుంది. త్రీడీ వస్తువంటే వర్టెక్స్ అనే బిందువులు, వాటిని కలిపే ఎడ్జ్ అనే గీతలు, గీతల మధ్య పరుచుకున్న ఫేస్ అనే పలకలు, అంతే. ఎన్ని తక్కువ బిందువులతో ఆకారం నిలబెడితే తరువాత దిద్దుకోవడం అంత సులువు. ట్యాబ్ మీట నొక్కి, బిందువులనూ పలకలనూ దిద్దే ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి పైపలకను తీసివేయండి. కాగితంలా పలుచని గోడ మిగులుతుంది, దానికి మందం ఇవ్వడానికి సాలిడిఫై అనే మాడిఫయర్ ఉంది. అసలు ఆకారాన్ని ముట్టుకోకుండా పైపైన మార్పు చేసి చూపేదే మాడిఫయర్. దాని తరువాత సబ్‌డివిజన్ సర్ఫేస్ అనే మరో మాడిఫయర్ వేస్తే పదహారు మూలల డబ్బా నున్నగా మారుతుంది. మారడమే కాక అడుగు కూడా గుండ్రబడి, కప్పు కాస్తా గుడ్డుపెంకులా తయారవుతుంది.

ఇక్కడ చాలామంది కంగారుపడి పని రద్దు చేసుకుంటారు. మీరు మాత్రం ఇక్కడే ఒక పూట గడపండి, ఎందుకంటే మోడలింగ్‌లో సగం ఈ ఒక్క మలుపులో ఉంది. ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రచురించిన పద్ధతి ప్రకారం ఈ మాడిఫయర్ నాలుగు మూలల ప్రతి పలకనూ నాలుగుగా చీల్చి, ప్రతి బిందువునూ దాని ఇరుగుపొరుగుల సగటు వైపు జరుపుతుంది. పొరుగువారు దూరంగా ఉంటే బిందువు ఎక్కువగా జరిగి వంపు పెద్దదవుతుంది, దగ్గరగా ఉంటే పెద్దగా జరగదు కనుక మూల మూలగానే నిలుస్తుంది. కంట్రోల్, ఆర్ మీటలతో కప్పు అడుగుకు దగ్గరగా చుట్టూ ఒక గీత వేయండి, అడుగుపలకను ఐ మీటతో కొద్దిగా లోపలికి కుదించండి. గుడ్డు మళ్లీ కప్పు అవుతుంది. ఆ గీతను పైకీ కిందికీ జరుపుతూ అంచు పదునెక్కడం, మెత్తబడడం చూడండి. ఇది అర్థమైనవారికి కారు తలుపు అయినా, రేపు మీ పిల్లవాడి కనురెప్ప అయినా గీతలు ఎక్కడ వేయాలో చూచాయగా తెలిసిపోతుంది. నాలుగు మూలల పలకలనే వాడమని అందరూ పట్టుబట్టడం కూడా అందుకే. అవి వరుసగా ఉన్నచోట చుట్టూ గీత సాఫీగా పోతుంది, మూడు మూలల పలక ఎదురైనచోట ఆగిపోతుంది. అడుగున ఉన్న పదహారు మూలల ఒకే పలక చదునుగా ఉన్నంతకాలం ఇబ్బంది పెట్టదు, దాని గురించి ఇప్పుడు బాధపడకండి.

పిడి దగ్గర ఒక తమాషా జరుగుతుంది. గోడకు మరి రెండు మూడు గీతలు చుట్టూ వేసి, ఒకే నిలువు వరుసలో పైనొక పలకనూ కిందొక పలకనూ ఎంచుకుని, 'ఈ' (E) అక్షరం మీటతో బయటికి లాగి, రెండు కొసలనూ బ్రిడ్జ్ ఫేసెస్ అనే ఆదేశంతో కలిపితే పిడి వస్తుంది. కాని సాలిడిఫై ఇంకా మాడిఫయర్‌గానే ఉండగా ఈ పని చేస్తే, కప్పులోకి తొంగిచూసినప్పుడు పిడి లోపల కూడా గొట్టంలా బోలుగా ఉండి, గోడలో రెండు కన్నాలు కనిపిస్తాయి. నీళ్లు పోస్తే పిడిలోకి పోతాయన్నమాట. సాలిడిఫైని ముందుగా అప్లై చేసి, అంటే దాని మార్పును అసలు ఆకారంలోనే స్థిరపరచి, గోడకు లోపలిపక్క, బయటిపక్క విడివిడిగా ఏర్పడిన తరువాత బయటిపక్క నుంచి మాత్రమే పిడి లాగాలి. ఇంకొకటి. బయటికి లాగడం మొదలుపెట్టి, వద్దనుకుని మౌస్ కుడి బటన్ నొక్కితే రద్దయ్యేది కదలిక మాత్రమే, కొత్త పలకలు పాతవాటి మీదనే అతుక్కుని ఉండిపోతాయి, తరువాత అక్కడ కారణం తెలియని ముడతలు వస్తాయి. అలా జరిగితే వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కండి. ఆలస్యంగా గమనించినట్లయితే మెర్జ్ బై డిస్టెన్స్ అనే ఆదేశం జంటబిందువులను కలిపేస్తుంది.

నేను మొదటి ఏడాదిలో ఒక వారం పోగొట్టుకున్న తప్పు కూడా చెబుతాను. వస్తువును మొత్తంగా కదిలించే ఆబ్జెక్ట్ మోడ్‌లో ఉండగానే ఒక ఘనాన్ని పొడవుగా సాగదీసి బల్ల చెక్కగా చేసుకున్నాను. అంచులను కొద్దిగా చెక్కుదామని బెవెల్ వేస్తే ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా వచ్చింది. ఎక్కడ తప్పుందో తెలియక బల్లను అయిదుసార్లు కొత్తగా చేశాను. సాగదీసిన సంగతిని బ్లెండర్ విడిగా గుర్తుపెట్టుకుని, మిగిలిన లెక్కలన్నీ సాగని ఘనం మీదనే చేస్తుందని తరువాత తెలిసింది. కంట్రోల్, 'ఏ' (A) మీటలు నొక్కి స్కేల్ అప్లై చేస్తే పోయేదానికి అంత శ్రమ పడ్డాను. ఏదైనా మాడిఫయర్ వింతగా ప్రవర్తిస్తే ముందు అది చూడండి.

రంగులూ వెలుతురూ మొదటి నెలలో ఎక్కువ సమయం తినకుండా చూసుకోండి. మెటీరియల్‌లో మూల రంగు, నునుపుదనాన్ని నిర్ణయించే రఫ్‌నెస్, లోహమా కాదా అని చెప్పే మెటాలిక్, ఈ మూడు విలువలూ మార్చి చూస్తే చాలు. ఒక పెద్ద ఏరియా లైటు పక్కనుంచి పెట్టండి.

ఇక యానిమేషన్ సంగతి. మోడలింగ్ అంతా పూర్తయ్యేదాకా ఆగవద్దు. అసలు ఇవి రెండూ ఒకే విద్యలో రెండు మెట్లు అనుకోవడమే పొరపాటు. ఒకటి ఆకారానికి సంబంధించినది, మరొకటి కాలానికి సంబంధించినది, ఒకదానిలో ఆరితేరినవారు రెండోదానిలో ఓనమాలు దిద్దుతూ ఉండడం స్టూడియోలలో మామూలే. కప్పు పూర్తయిన వారమే ఒక బంతిని తెచ్చుకుని ఎగిరించండి. బంతిని మోడల్ చేయనక్కరలేదు, బ్లెండర్ ఇచ్చే గోళం చాలు.

కీఫ్రేమ్ అంటే ఫలానా ఫ్రేములో వస్తువు ఫలానాచోట ఉండాలని మీరు పాతిన గుంజ. రెండు గుంజల మధ్య దారిని ప్రోగ్రామే నింపుతుంది. బంతిని 1.2 మీటర్ల ఎత్తున 1వ ఫ్రేములో, నేలమీద 13వ ఫ్రేములో ఉంచండి. అంత ఎత్తునుంచి ఏ వస్తువైనా కిందికి రావడానికి దాదాపు అరసెకను, అంటే 12 ఫ్రేములు పడుతుంది. తిరిగి లేచే ఎత్తు సగమైతే, దానికి పట్టే కాలం సగం కాదు, సుమారు పదింట ఏడు వంతులు. కనుక 21వ ఫ్రేములో 0.6 మీటర్ల ఎత్తుకు చేరి, 29కి మళ్లీ నేలను తాకాలి. ఆపైన 35లో 0.3 మీటర్లు, 41లో నేల. ఇప్పుడు నడిపించి చూడండి. అంకెలన్నీ సరిగానే ఉన్నా బంతి దూదిపరుపు మీద దిగుతున్నట్లు నేలకు చేరేముందు నెమ్మదించి, మెల్లగా పైకి లేస్తుంది.

ఎందుకంటే బ్లెండర్ ప్రతి గుంజ దగ్గరా తనంతట తానే వేగం తగ్గించి, మళ్లీ పెంచుతుంది. పైన, శిఖరం దగ్గర అది సరైనదే. నేల దగ్గర మాత్రం బంతి అత్యధిక వేగంతో వచ్చి, తటాలున దిశ మార్చుకోవాలి. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి ఎత్తును సూచించే వంపుగీతను చూడండి. నేలను తాకేచోట ఆ గీత గిన్నె అడుగులా గుండ్రంగా ఉంటుంది. ఆ బిందువులను ఎంచుకుని వి మీట నొక్కి వెక్టర్‌గా మార్చితే అక్కడ కోసుగా వస్తుంది, ఆపైన శిఖరాల దగ్గర బిందువుకు ఇరుపక్కలా కనిపించే పిడులను (హ్యాండిల్స్) కొంచెం పక్కలకు లాగి కొండల్లా గుండ్రంగా చేయండి. సరిచూసుకోవడానికి ఒక కొలత ఉంది. పడుతున్న వస్తువు సమాన కాలవ్యవధుల్లో పోయే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. ఫ్రేము తరువాత ఫ్రేము జరుపుతూ బంతి స్థానాల మధ్య ఎడం అలా పెరుగుతున్నదో లేదో చూడవచ్చు. గుంజలు ఎప్పుడు పాతామన్నది టైమింగ్, మధ్యలో ఎడం ఎలా పంచామన్నది స్పేసింగ్. అదే టైమింగ్‌తో స్పేసింగ్ మారిస్తే రబ్బరు బంతి గాలిబుడగ అవుతుంది. రెండు వారాలపాటు ఇనుపగుండు, టెన్నిస్ బంతి, బుడగ, ఈ మూడింటినీ ఒకే గోళంతో, రంగు మార్చకుండా, కదలికతోనే వేరువేరుగా కనిపించేలా చేయండి. నేలను తాకినప్పుడు నొక్కుకుపోవడం, పడేటప్పుడు సాగడం అందరికీ ముచ్చటగా ఉంటుంది కాని, అది లేకుండానే బరువు తెలిసేదాకా దానిని ముట్టుకోకపోతే మంచిది.

బంతి తరువాత లోలకం, ఆపైన రెండు కాళ్ల నడక. నడకకు వచ్చేసరికి సొంత పాత్రను తయారు చేసుకోవాలని మనసు లాగుతుంది. అప్పుడు కూడా ఆగి, ఎముకలూ పట్టుకునే పిడులూ అమర్చి ఉంచిన పాత్రను తెచ్చుకోండి. దానినే రిగ్ అంటారు. బ్లెండర్ స్టూడియో తన చిత్రాలకోసం చేసుకున్న రిగ్గులు కొన్నింటిని ఉచితంగా పంచింది. మంచి రిగ్‌తో నెలరోజులు పనిచేస్తే, రేపు మీ కొంగకు ఎముకలు వేసేటప్పుడు మెడలో ఎన్ని కీళ్లు కావాలో, రెక్క ఎక్కడ మడవాలో మీకే తోస్తుంది.

బొమ్మలు రావన్నారు. కాగితంమీద అందంగా గీయడం ఈ పనికి అక్కరలేదు. పుల్లల మనుషులతో, ఎవరు ఎటు చూస్తున్నారో, కెమెరా ఎక్కడుందో తెలిసేలా గీసుకోగలిగితే చాలు. లేకుండా కుదరనిది మాత్రం చూసే అలవాటు. కొంగ నేలమీద దిగే వీడియో ఒకటి సంపాదించి, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ, కాళ్లు ఏ ఫ్రేములో ముందుకు చాచింది, రెక్కలు ఎప్పుడు ఎదురుగాలికి నిలబెట్టింది, నేల తగిలాక మెడ ఎన్ని ఫ్రేములు ఆలస్యంగా కుదురుకుంది అని అంకెలు రాసుకోండి. మీ వృత్తి ఇక్కడ మీకు అక్కరకు వస్తుంది.

రెండర్ గురించి ఒక్క హెచ్చరికతో సరిపెడతాను. బ్లెండర్‌లో ఈవీ అనే ఇంజన్ వేగంగా గీస్తుంది, సైకిల్స్ అనేది వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి గీస్తుంది కనుక నెమ్మది. ఫ్రేముకు రెండు నిమిషాలు పట్టినా పది సెకన్ల ముక్కకు, అంటే 240 ఫ్రేములకు, 8 గంటలు అవుతుంది. మీ యంత్రానికి ఈవీయే తగినది, ముందు చెప్పిన 'ఫ్లో' చిత్రాన్ని కూడా దానితోనే రెండర్ చేశారు. ఏ ఇంజన్ అయినా ఫలితాన్ని నేరుగా వీడియో ఫైలుగా రాయించకండి. ఒకసారి నేను అలాగే పెట్టి పడుకున్నాను, తెల్లవారుజామున కరెంటు పోయింది, సగం రాసిన ఫైలు తెరుచుకోనే లేదు. ప్రతి ఫ్రేమునూ విడి పీఎన్‌జీ చిత్రంగా దాచమని చెబితే, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి కొనసాగించవచ్చు. తరువాత వాటన్నింటినీ బ్లెండర్‌లోని వీడియో సీక్వెన్సర్‌లోనే కలుపుకోవచ్చు.

రోజుకు గంట చొప్పున అయితే కప్పుకూ బంతికీ రెండు నెలలు, నడకకు మరో రెండు నెలలు పెట్టుకోండి. ఆ తరువాత మీ కథలోంచి అయిదు నిమిషాలూ కాకుండా ఒకే ఒక్క షాట్, నాలుగైదు సెకన్లది, కొంగ దిగే ఘట్టం ఎంచుకోండి. పిల్లవాడు అందులో వీపు మాత్రమే కనిపించేలా నిలబడితే ముఖం బాధ తప్పుతుంది. ఈలోగా పిడి గోడను కలిసేచోట ముడత వచ్చిందంటే, నున్నటి చిత్రంతోపాటు గీతలు కనిపించే వైర్‌ఫ్రేమ్ చిత్రాన్ని కూడా జతచేసి రాయండి. గీతలు చూడకుండా ఆ ముడత ఎందుకు వచ్చిందో చెప్పలేను.